తుప్పు పట్టిన ఇంజన్ పుల్లీలు, అరిగిన బెల్టు: ఏది రుద్ది వాడుకోవాలి, ఏది మార్చేయాలి

బానెట్ ఎత్తగానే బెల్టు నడిచే చక్రం, అంటే పుల్లీ, ఎర్రగా కనిపిస్తే కొందరు మెకానిక్‌లు "బెల్టు మార్చేద్దాం సార్" అంటారు. ఇంకొందరు "ఏం కాదు, రెండు రోజులు తిప్పితే అదే పోతుంది" అంటారు. ఇద్దరి మాటా ఒక్కో కారు విషయంలో నిజమే. తుప్పు ఎంత ఉందో చూసి తేల్చే లెక్క కాదిది, ఎక్కడ పట్టిందో చూసి తేల్చాలి.

పుల్లీ ముందు భాగం మీద, బోల్టుల చుట్టూ పట్టిన తుప్పు చూడ్డానికే బాగోదు, దానివల్ల వెంటనే వచ్చే నష్టమేమీ లేదు. బెల్టు కూర్చునే గాడుల్లో పడితే అది బెల్టు ఆయుష్షును తింటుంది. మధ్యలోని బేరింగ్‌లోకి దిగితే ఆ పుల్లీ పని అయిపోయినట్టే. క్రాంక్ పుల్లీలో (ఇంజన్ నేరుగా తిప్పే ప్రధాన పుల్లీ) రెండు ఇనుప రింగుల మధ్య ఉండే రబ్బరు పొర అంచున తుప్పు ఉబ్బి రబ్బరును బయటికి తోస్తుంటే ఇక వాదన లేదు, మార్చాలి. ఇవేవీ చూడకుండా తుప్పు గాడుల మీద కొత్త బెల్టు వేయించుకోవడమే ఈ వ్యవహారంలో జరిగే అతి పెద్ద దండగ.

గాడుల్లో తుప్పు ఎందుకొస్తుంది

కొత్త ఉక్కు పుల్లీకి పూత ఉంటుంది. బెల్టు నడిచే చోట ఆ పూత కొన్నాళ్లకే అరిగి వట్టి ఉక్కు బయటపడుతుంది. రోజూ తిరిగే కారులో బెల్టే ఆ ఉక్కును మెరుగు పెడుతూ ఉంటుంది కాబట్టి గాడులు అద్దంలా ఉంటాయి. కారు నెలల తరబడి కదలకపోతే ఆ మెరుగు ఆగిపోయి తేమ పని మొదలవుతుంది. అలాంటి పుల్లీని దగ్గరగా చూస్తే బెల్టు చుట్టుకున్న సగం ఒక రంగులో, గాలి తగిలిన సగం ఇంకో రంగులో ఉండి, మధ్యలో గీత గీసినట్టు సరిహద్దు కనిపిస్తుంది. ఇంజన్ తిప్పితే ప్రతి చుట్టులోనూ బెల్టు ఆ గీత మీంచి ఎక్కి దిగుతుంది. ఐడిలింగ్‌లో వినిపించే సన్నటి టిక్ టిక్ చాలాసార్లు ఇదే.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పుగాలి దీన్ని బాగా తొందరపెడుతుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సెల్లార్లలో నీళ్లు నిలిచే చోట కూడా ఇదే పరిస్థితి. వరదలో మునిగిన కారు సంగతి పూర్తిగా వేరు. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ మునిగిన కార్లలాంటి వాటిలో గాడి తుప్పు కంటే బేరింగ్ లోపలికి చేరిన ఒండ్రు అసలు సమస్య. వాటికి కింద చెప్పిన "అన్నీ ఒకేసారి మార్చడం" అనే ఎంపికే వర్తిస్తుంది.

ముందు బెల్టు తీసి చూడాలి

బెల్టు మీద ఉండగా పుల్లీ స్థితి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇంజన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు వెళ్తోందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బెల్టు తిరిగే దిక్కును చాక్‌పీసుతో బాణం గుర్తు వేసి ఉంచితే, అదే బెల్టును మళ్లీ వేయాల్సి వచ్చినప్పుడు ఎటు వేయాలో తెలుస్తుంది. ఆటోమేటిక్ టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచే స్ప్రింగు చేయి) ఉంటే దాని బోల్టుకో చదరపు రంధ్రానికో స్పానర్ పెట్టి మెల్లగా తిప్పితే బెల్టు వదులవుతుంది. టెన్షనర్‌ను ఠక్కున వదిలేయకూడదు, స్ప్రింగ్ దెబ్బకి లోపలి డ్యాంపింగ్ (అదురును అణిచే ఏర్పాటు) పాడవుతుంది. టెన్షనర్లు లేని పాత కార్లలో డైనమో బోల్టు వదులు చేసి, డైనమోను ఇంజన్ వైపు నెట్టాలి.

ఇప్పుడు ఒక్కో పుల్లీని చేత్తో తిప్పండి. మంచి బేరింగ్ నిశ్శబ్దంగా, కాస్త జిగటగా తిరిగి ఆగిపోతుంది. గరగరమంటే లోపల గ్రీజు పోయి తుప్పు చేరినట్టు. చేత్తో తోయగానే గిర్రున చాలాసేపు తిరిగే ఐడ్లర్ పుల్లీని (దేన్నీ తిప్పకుండా బెల్టుకి దారి చూపేది) చూసి "ఎంత ఫ్రీగా ఉందో" అని మురిసిపోవద్దు, గ్రీజు ఎండిపోయిందనడానికి అదే గుర్తు. తర్వాత పుల్లీని పైనా కిందా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించండి. ఐడ్లర్, టెన్షనర్, వాటర్ పంపు పుల్లీల్లో చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. వాటర్ పంపు కింద ఎండిన కూలెంట్ చారలు కనిపిస్తే పుల్లీ గురించి ఆలోచించడం ఆపి పంపు గురించి ఆలోచించండి.

గాడుల పరీక్షకి గోరు చాలు. పొడి గుడ్డతో గాడి తుడిచి, గోరును అడ్డంగా లాగండి. గుడ్డకి నారింజ రంగు పొడి అంటి గాడి నున్నగా ఉంటే అది పై తుప్పు. గోరు అక్కడక్కడా తట్టుకుంటుంటే గుంటలు పడ్డాయి. పెచ్చులు ఊడొస్తుంటే ఇక చూడాల్సిందేమీ లేదు.

క్రాంక్ పుల్లీకి ఇంకో చిన్న పరీక్ష ఉంది. లోపలి హబ్ మీంచి బయటి రింగ్ దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. బెల్టు వేసి కొన్ని రోజులు నడిపాక మళ్లీ చూడండి. గీత విరిగి రెండు ముక్కలు పక్కపక్కకి జరిగితే మధ్య రబ్బరు వదిలేసింది, బయటి రింగు జారుతోంది. పైకి ఎంత కొత్తగా ఉన్నా ఆ పుల్లీ పనికిరాదు.

రుద్ది వాడుకోవడం: ఎప్పుడు సరిపోతుంది

గోరు తట్టుకోని పై తుప్పు, బేరింగ్ బాగుంది, పుల్లీ ఊగడం లేదు. ఈ మూడూ నిజమైతే శుభ్రం చేసుకోవడమే సరైన ఎంపిక, పుల్లీ కొనడం వృథా. "బెల్టే రుద్దేస్తుంది" అని వదిలేయడం మాత్రం వద్దు. రుద్దుతుంది నిజమే, కానీ ఆ రాలే పొడి ఇనుప ఆక్సైడ్. అది ఎమరీ పొడి లాంటిదే, బెల్టు రిబ్బుల్ని (గాడుల్లో కూర్చునే రబ్బరు గట్లని) అరగదీస్తుంది, పక్కనున్న పుల్లీల గాడుల్లోకీ వెళ్తుంది.

పుల్లీ ఇంజన్ మీదే ఉంటే పొడిగానే మొదలుపెట్టండి. ఇత్తడి తీగల బ్రష్‌తో, గాడి పొడవునా, చేత్తో పుల్లీ తిప్పుతూ రుద్దాలి. గాడికి అడ్డంగా రుద్దకూడదు. తర్వాత గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్‌ను మడిచి గాడుల్లోకి నొక్కి తిప్పండి. ఎమరీ పేపరే వాడాలనుకుంటే 400 నంబరు కంటే ముతకది వద్దు. 80, 120 నంబర్లు పడేసే గీతలు తుప్పు చేసే నష్టమే చేస్తాయి. చివర్లో బ్రేక్ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి ఆ గుడ్డతో తుడవండి. స్ప్రేను సూటిగా బేరింగ్ మీదికో, క్రాంక్ పుల్లీ రబ్బరు మీదికో, డైనమోలోకో కొట్టకూడదు.

రోడ్డు పక్క షెడ్లలో ఇంజన్ ఆన్ చేసి, తిరుగుతున్న పుల్లీకి ఎమరీ పేపర్ అదిమిపెట్టే అలవాటు ఉంది. పని రెండు నిమిషాల్లో అవుతుంది, వేలు పోవడానికి రెండు సెకన్లు చాలు. ఎవరైనా అలా చేయబోతే ఆపండి.

పుల్లీ విడిగా తీయగలిగితే నిమ్మ ఉప్పు బాగా పనిచేస్తుంది. లీటరు గోరువెచ్చటి నీళ్లకి 50 నుంచి 100 గ్రాములు కలిపి ప్లాస్టిక్ టబ్బులో రెండు మూడు గంటలు నానబెట్టి, మధ్యమధ్యలో బ్రష్ చేయండి. తీశాక వంట సోడా నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో కడిగి వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాలి. ఆరడానికి గాలికి వదిలేస్తే మళ్లీ పల్చగా ఎర్రబడుతుంది. బాత్‌రూమ్ యాసిడ్ వాడితే తుప్పు ఇంకా తొందరగా పోతుంది, కానీ అందులోని క్లోరైడ్ సందుల్లో మిగిలిపోయి వారం తిరక్కుండా తుప్పు తిరిగొస్తుంది. బేరింగ్ బిగించి ఉన్న పుల్లీనీ, రబ్బరు ఉన్న క్రాంక్ పుల్లీనీ, అల్యూమినియం పుల్లీనీ ఏ ద్రావణంలోనూ ముంచొద్దు.

డీజిల్‌తో, కిరోసిన్‌తో కడగడం మన దగ్గర మామూలు. పుల్లీ విషయంలో అది చెడ్డ అలవాటు. బేరింగ్ సీలు సందులోంచి వెళ్లి గ్రీజును పల్చబరుస్తుంది, గాడిలో మిగిలిన జిడ్డు బెల్టు రబ్బరును ఉబ్బిస్తుంది. డబ్ల్యూడీ-40 కూడా అంతే. బిగుసుకున్న బోల్టుకి అది మంచిదే, బెల్టుకీ గాడికీ తగలనివ్వకూడదు.

పెయింటు వేయాలంటే ముందు భాగానికి మాత్రం జింక్ ప్రైమర్ వేసి పైన నల్ల పెయింటు కొట్టుకోవచ్చు. గాడులకి మాస్కింగ్ టేపు వేయండి. గాడిలో పెయింటు గానీ తుప్పును నల్లగా మార్చే రస్ట్ కన్వర్టర్ పొర గానీ ఉంటే బెల్టు పూర్తిగా లోపలికి కూర్చోదు, ఆ పొర ఊడి బెల్టుకి అంటుకుంటుంది. పుల్లీ హబ్‌కి ఆనుకునే ముఖానికీ, బోల్టు తల కింద భాగానికీ కూడా పెయింటు వద్దు. బిగించాక ఆ పొర నలిగి బోల్టు పట్టు సడలుతుంది.

బెల్టు ఒక్కటే మార్చడం

గాడులు నున్నగా ఉండి, బేరింగులు బాగుండి, బెల్టు మాత్రం అయిపోయినప్పుడే ఇది. బెల్టు అయిపోయిందని తెలుసుకోవడంలోనే చాలామంది పొరబడతారు. పాత నియోప్రీన్ బెల్టులకి పగుళ్లు వచ్చేవి కాబట్టి పగుళ్లు లెక్కపెట్టి చెప్పేవాళ్లు. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు బెల్టు అంత తేలిగ్గా పగలదు, టైరులా అరుగుతుంది. పగుళ్లు లేవు కదా అని ఉంచితే ఒకరోజు వానలో జారడం మొదలెడుతుంది. వెనక్కి తిప్పి రిబ్బుల మధ్య సందు చూడండి. కొత్త దాంట్లో సందు వీ ఆకారంలో ఉంటుంది, అరిగిన దాంట్లో అడుగు వెడల్పై యూ ఆకారానికి వస్తుంది. అరిగిన బెల్టు గాడిలోకి ఇంకా లోతుగా దిగుతుంది కాబట్టి సాగిపోయిన బెల్టులాగే ప్రవర్తిస్తుంది, టెన్షనర్ చివరి దాకా వెళ్లిపోతుంది. టెన్షనర్ మీద ఉండే గుర్తుల మధ్య సూచిక లేకపోతే ముందు బెల్టును అనుమానించండి.

తుప్పు వల్ల పోయిన బెల్టుకి వేరే ముఖం ఉంటుంది. రిబ్బుల కొనలు నూగు లేచినట్టు గరుకుగా ఉండి, సందుల్లో ఎర్రటి పొడి ఇరుక్కుని ఉంటుంది. ఇది కనిపిస్తే బెల్టు ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. కొత్తదానికీ అదే గతి పడుతుంది.

బెల్టు మీద 6పీకే1070 అని ఉంటే ఆరు రిబ్బులు, పీకే ప్రొఫైల్ (రిబ్బు ఆకారం, కొలత), 1070 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. పీకే బెల్టుల్లో రిబ్బుకీ రిబ్బుకీ దూరం 3.56 మిల్లీమీటర్లు. పొడవులో అయిదు మిల్లీమీటర్ల తేడాకి టెన్షనర్ ఉన్న ఇంజన్ సర్దుకోవచ్చేమో గానీ, రిబ్బుల సంఖ్యలో రాజీ లేదు. ఆరు గాడుల పుల్లీ మీద అయిదు రిబ్బుల బెల్టు వేసి "దొరకలేదు సార్" అనేవాళ్లున్నారు. ఖాళీగా మిగిలిన ఆరో గాడి తుప్పు పడుతుంది, మిగతా అయిదు రిబ్బుల మీద భారం పెరుగుతుంది.

బ్రాండ్ల మీద పెద్దగా బెంగపడక్కర్లేదు. గేట్స్, కాంటిటెక్, బాండో, డేకో, మిత్సుబోషి లాంటి పేరున్న కంపెనీ ఈపీడీఎం బెల్టు, లేదా కారు కంపెనీ కౌంటరులో దొరికే జెన్యూన్ బెల్టు, ఏదైనా పనిచేస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో కొంటున్నప్పుడు బెల్టు వీపు మీద అచ్చు వేలితో రుద్ది చూడండి. అక్షరాలు చెరిగిపోతే, తయారీ తేదీ కోడ్ లేకపోతే, ఎంత చౌకైనా వదిలేయండి. టెన్షనర్ విషయంలో మాత్రం మా మొగ్గు జెన్యూన్ వైపే. స్ప్రింగు బలం, డ్యాంపింగ్ సరిగ్గా లేని చౌక టెన్షనర్ కొత్త బెల్టును కూడా కొట్టుకునేలా చేస్తుంది.

బేరింగ్ మార్చడమా, ఐడ్లర్ మొత్తం మార్చడమా

ఐడ్లర్ వ్యాసం క్రాంక్ పుల్లీలో సగం ఉంటే అది ఇంజన్ వేగానికి రెట్టింపు తిరుగుతుంది. హైవే మీద ఇంజన్ 3000 ఆర్‌పీఎంలో ఉంటే ఐడ్లర్ 6000లో ఉంటుంది, అదీ రేడియేటర్ వెనక వేడిలో. అందుకే ఇక్కడ బేరింగ్ ఎంపిక ముఖ్యం.

ఉక్కు ఐడ్లర్‌లో బేరింగ్ సర్క్లిప్‌తో బిగించి ఉంటే మార్చుకోవచ్చు. చాలా ఐడ్లర్లలో 6203 సైజు కనిపిస్తుంది: లోపలి రంధ్రం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు. నంబరు పాత బేరింగ్ మీదే చదివి తీసుకోండి. నంబరు పక్కన జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూత, 2ఆర్ఎస్ అని ఉంటే రబ్బరు సీలు. తడి తగిలే చోట 2ఆర్ఎస్‌యే కావాలి. సైజు ఒకటే కదా అని మామూలు మోటారు బేరింగ్ తెచ్చి వేస్తే కొలతలు సరిపోతాయి, గ్రీజు సరిపోదు. ఇంజన్ వేడికి తగిన గ్రీజు ఉన్నదే అడగండి. ఎక్కించేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తాలి. లోపలి రింగు మీద సుత్తితో కొడితే గోళీలు నడిచే దారి మీద సొట్టలు పడి, కొత్త బేరింగ్ మొదటి రోజు నుంచే ఊళపెడుతుంది.

ప్లాస్టిక్ ఐడ్లర్ తుప్పు పట్టదు కాబట్టి అందులో బేరింగ్ చెడిపోయిందని చాలా ఆలస్యంగా బయటపడుతుంది. అంచు దగ్గర గోధుమ రంగు మరక కారుతుంటే అది లోపలి నుంచి వస్తున్న తుప్పు నీరు. ఇలాంటివి మొత్తంగానే మార్చాలి. బేరింగ్ పట్టి లాగితే ప్లాస్టిక్ బిగువు పోతుంది, కొత్త బేరింగ్ అందులో జారుతుంది.

ఏసీ కంప్రెషర్ పుల్లీ బేరింగ్ గరగరమంటే కంప్రెషర్ మొత్తం మార్చాలని చెప్పేస్తుంటారు. ముందు క్లచ్ ప్లేటు, పుల్లీ విప్పి ఆ బేరింగ్ ఒక్కటే మార్చగలరేమో అడగండి. క్లచ్ బయటి భాగం కాబట్టి గ్యాస్ తీయాల్సిన పని లేదు. తిరిగి బిగించేటప్పుడు క్లచ్ ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు, మామూలుగా అర మిల్లీమీటరు అటూఇటూ, మాన్యువల్ ప్రకారం షిమ్ములతో (పల్చటి రేకు బిళ్లలతో) సరిచేయాలి. ఈ రెండు ముఖాల మధ్య తుప్పు పడితే ఏసీ ఆన్ చేయగానే కీచుమని జారుతుంది. వాటిని సన్న ఎమరీతో రుద్దుకోవచ్చు.

డీజిల్ కార్లలో డైనమో పుల్లీ ఒకవైపే పట్టే వన్‌వే రకం ఉండొచ్చు. ముందున్న ప్లాస్టిక్ మూత ఊడిపోతే నీళ్లు దిగి లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. డైనమో ఫ్యాన్‌ను కదలకుండా పట్టుకుని పుల్లీ తిప్పి చూడండి. ఒకవైపు తిరిగి, ఇంకోవైపు పట్టుకోవాలి. రెండువైపులా పట్టుకుంటే టెన్షనర్ ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఎగిరెగిరి పడుతుంది, బెల్టు మీద బెల్టు పోతుంటుంది. రెండువైపులా తిరిగితే చార్జింగే ఉండదు. వన్‌వే పుల్లీ బదులు మామూలు పుల్లీ వేసేస్తే చౌకవుతుందని సలహా ఇస్తే ఒప్పుకోకండి.

అన్నీ ఒకేసారి మార్చడం

బెల్టు, టెన్షనర్, ఐడ్లర్, అవసరమైతే క్రాంక్ పుల్లీ. ఖర్చు వందల్లోంచి వేలల్లోకి పోతుంది. అయినా మూడు సందర్భాల్లో ఇదే చవక. ఒకటి, పుల్లీల మట్టం దాటి వరద నీళ్లలో మునిగిన కారు. వేడిగా ఉన్న బేరింగ్ ఒక్కసారి నీళ్లలో పడితే లోపలి గాలి ముడుచుకుని సీలు గుండా బురద నీటిని పీల్చుకుంటుంది, పైనుంచి ఎంత కడిగినా అది బయటికి రాదు. రెండు, టెన్షనర్ చేయి తుప్పుతో బిగిసి వెనక్కి రాకపోవడం. మూడు, వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్.

మూడోదాని గురించి కాస్త చెప్పాలి. డస్టర్, వెరిటో లాంటి కార్లలోని 1.5 లీటర్ డీసీఐ డీజిల్ ఇంజన్‌కి టైమింగ్ చెయిన్ కాదు, బెల్టు ఉంటుంది. ఇలాంటి ఇంజన్లలో బయటి బెల్టు పోగులు పోగులుగా చీలితే, ఆ పోగులు క్రాంక్ పుల్లీ వెనక్కి చుట్టుకుని టైమింగ్ కవర్ లోపలికి దూరే ప్రమాదం ఉంది. టైమింగ్ బెల్టు తెగినా, పళ్లు తప్పినా వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజనే పోవచ్చు. ఐడ్లర్ దగ్గర వెయ్యి రూపాయలు మిగుల్చుకోవడానికి ఇది తగిన చోటు కాదు.

క్రాంక్ పుల్లీ విప్పే పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. మధ్య బోల్టును చాలా బలంగా బిగిస్తారు, కొన్నిటిలో టార్క్‌తో పాటు డిగ్రీల లెక్క ఉంటుంది, కొన్ని బోల్టులు ఒక్కసారే వాడాలి, కొన్ని ఇంజన్లలో ఎడమ మర ఉంటుంది. కొన్నిటిలో టైమింగ్ గేరును కూడా ఆ బోల్టే పట్టి ఉంచుతుంది, వదులు చేస్తే టైమింగ్ జరిగిపోతుంది. తీసేటప్పుడు బయటి రింగుకి పుల్లర్ తగిలించి లాగితే రబ్బరు ఊడొస్తుంది, హబ్‌కే తగిలించాలి. లేతులో గాడులు కోయించి వాడుకోవచ్చా అని అడిగేవాళ్లకి జవాబు: పీకే పుల్లీకి వద్దు. వ్యాసం మారుతుంది, గాడి కోణం మారుతుంది, క్రాంక్ పుల్లీ అయితే బ్యాలెన్స్ కూడా పోతుంది. సెకండ్ హ్యాండ్ క్రాంక్ పుల్లీ కూడా వద్దు, దాని రబ్బరు వయసు మీ పాత దాని వయసే.

పాత వీ బెల్టు కార్లు, కొత్త రకం బెల్టులు

మారుతి 800, ఓమ్ని లాంటి పాత కార్లలో రిబ్బులు లేకుండా ఒకే గాడిలో నడిచే వీ ఆకారపు బెల్టు, అంటే వీ బెల్టు. దీన్ని మనవాళ్లు ఇప్పటికీ ఫ్యాన్ బెల్టు అనే అంటారు. వీ బెల్టు గాడి రెండు గోడల్ని పట్టుకుని నడవాలి, అడుగుకి తగలకూడదు. గాడి అడుగున మెరుపు కనిపిస్తే బెల్టో గాడో అరిగిపోయి బెల్టు కింద కూర్చుంటోందని అర్థం, ఎంత బిగించినా జారుతుంది. ఈ పుల్లీలు చౌక కాబట్టి గుంటలు పడితే మార్చేయడమే మేలు. బిగువు కొలత మాన్యువల్ చూసి పెట్టాలి. మాన్యువల్ దొరక్కపోతే రెండు పుల్లీల మధ్య పొడవైన చోట బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు సెంటీమీటరు లోపు దిగేలా చూసుకోవచ్చు. మరీ బిగిస్తే డైనమో బేరింగ్, వాటర్ పంపు బేరింగ్ రెండూ పోతాయి.

టెన్షనరే లేకుండా సాగే బెల్టుతో వచ్చే ఇంజన్లూ ఉన్నాయి. ఆ బెల్టును ఒకసారి తీస్తే మళ్లీ వేయకూడదు, కొత్తది ఎక్కించడానికి దానికంటూ పనిముట్టు ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో ఎక్కిస్తే లోపలి దారాలు తెగుతాయి. సియాజ్, ఎర్టిగా లాంటి కార్లలోని ఎస్‌హెచ్‌వీఎస్ (మైల్డ్ హైబ్రిడ్) రకంలో బెల్టు డైనమోను తిప్పడమే కాదు, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజన్‌ను తిరిగి స్టార్ట్ చేస్తుంది కూడా. లాగుడు రెండు దిక్కులా ఉంటుంది కాబట్టి అక్కడ కంపెనీ చెప్పిన బెల్టు తప్ప వేరేది వేయించవద్దు.

మంచు ప్రాంతాల్లో ఉంటే

మిషిగన్, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉన్న తెలుగువాళ్లకి చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుతో ఇదే సమస్య పది రెట్లు. అక్కడ పుల్లీ కంటే ముందు బోల్టులు బిగుసుకుపోతాయి, టెన్షనర్ బోల్టు తల తిరిగిపోయి అసలు పని మొదలే కాదు. ముందు రోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్‌ను బోల్టుకి బ్రష్‌తో రాసి ఉంచండి, స్ప్రే చేస్తే బెల్టు మీద పడుతుంది. కింది భాగానికి తుప్పు రాకుండా కొట్టే లానొలిన్ స్ప్రేలు కూడా పుల్లీల దరిదాపుల్లోకి రానివ్వొద్దు. పుల్లర్ కొనక్కర్లేదు, ఆటోజోన్‌లాంటి దుకాణాలు డిపాజిట్ తీసుకుని అరువిస్తాయి.

బిగించాక

బెల్టు వేశాక ఒక్కో పుల్లీ దగ్గరా వేలితో తడిమి, అన్ని రిబ్బులూ గాడుల్లోనే ఉన్నాయో లేదో చూడండి. ఒక రిబ్బు బయటికి వేలాడుతూ స్టార్ట్ చేస్తే కొత్త బెల్టు నిమిషాల్లో చీలిపోతుంది. పొడవైన స్టీలు స్కేలును రెండు పుల్లీల ముఖాలకి ఆనించి వరుస చూడండి. ఒక డిగ్రీ దాటితే శబ్దం వస్తుంది. అంటే 30 సెంటీమీటర్ల దూరంలో సుమారు 5 మిల్లీమీటర్ల తేడా.

శబ్దం ఇంకా వస్తుంటే, ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా, చేతులూ చున్నీలూ దూరంగా ఉంచి, స్ప్రే సీసాతో బెల్టు రిబ్బుల వైపు కాసిని నీళ్లు చల్లండి. శబ్దం కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీల వరుస తప్పింది. నీళ్లు పడగానే ఇంకా పెరిగితే బిగువు చాలడం లేదు. సబ్బు రాయడం, కొవ్వొత్తి రుద్దడం, బెల్టు డ్రెస్సింగ్ (జారకుండా కొట్టే జిగురు స్ప్రే) కొట్టడం ఈ రెంటిలో దేన్నీ సరిచేయవు. జిగురు మీద తుప్పు పొడి, దుమ్ము అంటుకుని పరిస్థితి ఇంకా పాడవుతుంది.

సర్వీస్ సెంటర్‌లో ప్రెషర్ వాష్ చేయించేటప్పుడు పుల్లీల వైపు గన్ పెట్టవద్దని చెప్పండి. కడిగించిన వెంటనే పార్కింగ్‌లో పెట్టేయకుండా పావుగంట నడపండి. కదలని కారును వారానికోసారి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. అరకొరగా వేడెక్కిన ఇంజన్ మీద తేమ మిగిలిపోతుంది. ఇరవై నిమిషాలు, ఏసీ కూడా వేసి, నాలుగు వీధులు తిప్పి తేవాలి. వీ బెల్టు కొత్తది వేయించుకుంటే మాత్రం మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలో కాస్త వదులవుతుంది, అప్పుడు ఒకసారి బిగువు చూసి సర్దించుకోండి. ఆటోమేటిక్ టెన్షనర్ ఉన్న పీకే బెల్టుకి ఆ పని ఉండదు.